బస్సు బహిష్కరణ నుంచి హ్యాష్‌ట్యాగ్ వరకు: అమెరికా నల్లజాతి ఉద్యమాల నిర్మాణంలో వచ్చిన మార్పు

2020 మే 25న మినియాపొలిస్ నగరంలో ఒక పోలీసు అధికారి నల్లజాతీయుడైన జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద 9 నిమిషాల 29 సెకన్ల పాటు మోకాలు అదిమి ఉంచి అతని ప్రాణం తీసిన దృశ్యాన్ని, అక్కడ నిలబడి చూస్తున్న 17 ఏళ్ల బాలిక తన ఫోన్‌లో చిత్రీకరించింది. ఆ తర్వాతి కొన్ని వారాల్లో అమెరికా అంతటా జరిగిన నిరసనల్లో కోటిన్నర నుంచి రెండు కోట్ల అరవై లక్షల మంది దాకా పాల్గొని ఉంటారని అప్పటి అభిప్రాయ సేకరణల ఆధారంగా అంచనా వేశారు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు పౌర హక్కుల కోసం చేరినవారు సుమారు రెండున్నర లక్షల మంది. జనసంఖ్యను బట్టి చూస్తే ఈ రెండింటికీ పొంతనే లేదు. అయినా 1963 ప్రదర్శన జరిగిన ఏడాదిలోపే పౌర హక్కుల చట్టం, రెండేళ్లలోపే ఓటు హక్కు చట్టం వచ్చాయి. 2020 నిరసనల తర్వాత ఫ్లాయిడ్ పేరుతోనే రూపొందిన పోలీసు సంస్కరణల బిల్లు మాత్రం ప్రతినిధుల సభలో రెండుసార్లు నెగ్గి కూడా సెనేట్ గడప దాటలేకపోయింది.

ఈ తేడాకు తరచుగా వినిపించే వివరణ ఒకటి ఉంది. అప్పటి ఉద్యమకారులకు క్రమశిక్షణ ఉండేదని, మార్టిన్ లూథర్ కింగ్ వంటి నాయకులు ఉండేవారని, అడుగుతున్నది ఏమిటో వారికి స్పష్టంగా తెలుసునని, ఇప్పటివారి చేతిలో ఫోన్ తప్ప మరేమీ లేదని ఆ వివరణ సారాంశం. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే అది నిన్నటి ఉద్యమాన్ని గెలుపు తర్వాతి ఒడ్డు మీద నిలబడి, నేటి ఉద్యమాన్ని నడి ప్రవాహంలో ఉండగా చూసి చెబుతున్న మాట. పోలిక న్యాయంగా ఉండాలంటే రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలి. జనం వీధిలోకి రావడానికి ముందు ఎంత నిర్మాణం జరిగిందన్నది మొదటిది. వారు ఎదిరించిన అన్యాయం ఏ రూపంలో, ఎవరి చేతిలో ఉందన్నది రెండోది. ఫోన్ గురించిన చర్చలో మొదటి ప్రశ్న సగమే వినిపిస్తుంది, రెండోది దాదాపుగా వినిపించదు.

ముందుగా ప్రజాభిప్రాయం సంగతి చూడాలి, ఎందుకంటే జ్ఞాపకం ఎక్కువగా మోసం చేసేది ఇక్కడే. ఈనాడు కింగ్ పేరిట అమెరికాలో జాతీయ సెలవుదినం ఉంది, ఆయన జీవించి ఉండగా దేశమంతా ఆయన వెంట నడిచిందనే భావన బలంగా ఉంది. ఆనాటి గ్యాలప్ సర్వేలు చెప్పేది వేరు. భోజనశాలల్లో బైఠాయింపులు, బస్సుల్లో జాతి వేర్పాటును ధిక్కరిస్తూ చేసిన ఫ్రీడమ్ రైడ్స్ ప్రయాణాల వంటి చర్యలు నల్లజాతీయుల ప్రయోజనాలకే నష్టం చేస్తాయని 1961లో 57 శాతం మంది అభిప్రాయపడ్డారు. 1963 వాషింగ్టన్ ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు, దాని గురించి విన్నవారిలో 60 శాతం మంది వ్యతిరేకత చూపగా 23 శాతం మందే సుముఖంగా ఉన్నారు. 1966 నాటికి కింగ్ పట్ల ప్రతికూల అభిప్రాయం ఉన్నవారు 63 శాతం. దీనికి భిన్నంగా, పోలీసు హింసకు వ్యతిరేకంగా సాగే బ్లాక్ లైవ్స్ మ్యాటర్ (నల్లవారి ప్రాణాలకు విలువుంది) ఉద్యమానికి 2020 జూన్‌లో 67 శాతం మంది మద్దతు పలికినట్టు ప్యూ అనే సర్వే సంస్థ నమోదు చేసింది. అదే ఏడాది సెప్టెంబరుకు ఆ మద్దతు 55 శాతానికి, 2023 నాటికి 51 శాతానికి తగ్గింది. ప్రశ్నలు వేరు, కాలాలు వేరు కనుక ఈ అంకెలను ఒకే త్రాసులో తూచడం కుదరదు. కానీ అప్పటి ఉద్యమం ప్రజాదరణ ఉన్నందువల్ల గెలిచిందని, ఇప్పటిది అది లేనందువల్ల ఆగిందని అనడానికి మాత్రం ఆధారం లేదు. మెజారిటీ వ్యతిరేకిస్తున్నా నిలబడగలిగే శక్తి ఆ ఉద్యమానికి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఆలోచించవలసిన సంగతి.

దానికి జవాబు అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగరంలో దొరుకుతుంది. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ బస్సులో తెల్లవారికి సీటు వదలడానికి నిరాకరించి అరెస్టయిన కథ అందరికీ తెలిసిందే. పని చేసి అలసిపోయిన ఒక దర్జీ ఆ సాయంత్రం ఎందుకో ఎదురు తిరిగిందన్నట్టుగా ఆ కథను చెప్పడం మాత్రం ఆమెకు అన్యాయం చేయడమే. పార్క్స్ అప్పటికి పన్నెండేళ్లుగా నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకు కార్యదర్శిగా పనిచేస్తున్నారు, ఆ ఏడాది వేసవిలోనే టెనెస్సీలోని హైలాండర్ పాఠశాలలో ఉద్యమ శిక్షణకు వెళ్లి వచ్చారు. అదే ఏడాది మార్చిలో క్లాడెట్ కోల్విన్ అనే 15 ఏళ్ల విద్యార్థిని సీటు వదలనందుకు అరెస్టయినప్పుడు, ఆ ఘటనను ఉద్యమానికి కేంద్రంగా చేయాలా వద్దా అని స్థానిక నాయకులు చర్చించి, అది సమయం కాదని ఆగారు. అంతకు ముందు 1954 మే నెలలోనే, అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిషు బోధించే జో ఆన్ రాబిన్సన్, విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అధ్యక్షురాలిగా నగర మేయర్‌కు ఉత్తరం రాసి, బస్సుల్లో పరిస్థితి మారకపోతే బహిష్కరణ తప్పదన్నారు. పార్క్స్ అరెస్టయిన రాత్రి రాబిన్సన్ కాలేజీలోని సైక్లోస్టైల్ యంత్రం మీద వేల కొద్దీ కరపత్రాలు తీసి, తెల్లవారేసరికి నగరంలో పంచడానికి సిద్ధం చేశారు. ఒక్క రాత్రిలో జరిగిన ఆ పని వెనుక ఏడాదిన్నర ఆలోచన, ఎవరు ఏ వీధిలో పంచాలో ముందే తెలిసిన ఒక మహిళా సంఘం ఉన్నాయి.

ఆ తర్వాతి 381 రోజులు ఇంకా ముఖ్యమైనవి. నగరంలో బస్సెక్కేవారిలో దాదాపు నాలుగింట మూడు వంతులు నల్లజాతీయులే. వారందరూ ప్రతి ఉదయం పనికి వెళ్లాలి, సాయంత్రం తిరిగి రావాలి. మొదట టాక్సీ డ్రైవర్లు బస్సు చార్జీకే ఎక్కించుకున్నారు, నగర పాలకులు కనీస చార్జీ నిబంధన చూపి దాన్ని ఆపించారు. అప్పుడు బహిష్కరణకు నాయకత్వం వహిస్తున్న మాంట్‌గోమరీ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్, రెండేళ్ల క్రితం బాటన్ రూజ్‌లో ఇలాంటి బహిష్కరణ నడిపిన పాస్టర్ నుంచి పద్ధతి తెలుసుకుని, సొంత కార్లున్నవారి సాయంతో ఒక సమాంతర రవాణా వ్యవస్థనే ఏర్పాటు చేసింది. ఎక్కే చోట్లు, దిగే చోట్లు, వేళలు నిర్ణయించారు. చర్చిల పేరుతో పెద్ద వాహనాలు కొన్నారు. బీమా కంపెనీలు పాలసీలు రద్దు చేస్తే లండన్‌లోని లాయిడ్స్ ద్వారా బీమా సంపాదించారు. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి, తెల్లవారి ఇళ్లలో పనిచేసే స్త్రీలను కూడగట్టి, వండిన పదార్థాలు అమ్మి వచ్చిన డబ్బును వారం వారం సభల్లో అందించేవారు. ఇచ్చినవారి పేర్లు బయటపడితే ఉద్యోగాలు పోతాయి కనుక ఆ బృందానికి ఎక్కడి నుంచీ కాదన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. 1956 ఫిబ్రవరిలో పాతకాలపు బహిష్కరణ నిషేధ చట్టం కింద దాదాపు తొంభై మంది మీద నేరారోపణలు చేసినప్పుడు వారు పారిపోకుండా స్వయంగా వెళ్లి లొంగిపోయారు. ఇంత జరుగుతుండగానే మరో పక్క న్యాయవాదులు కేసు నడిపారు. 1956 నవంబరు 13న అలబామా కోర్టు ఒకటి ఆ కార్ల వ్యవస్థను నిలిపివేయమని ఆదేశించగా, అదే రోజున బస్సుల్లో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఈ వివరాలు ఎందుకు ముఖ్యమంటే, ఆ 381 రోజుల్లో మాంట్‌గోమరీ సమాజం గెలుచుకున్నది బస్సు సీట్లు మాత్రమే కాదు. డబ్బు సేకరించి లెక్క చూపడం, తగాదా వస్తే కూర్చుని తేల్చుకోవడం, ఒక దారి మూసుకుపోతే మరునాటికల్లా ఇంకొకటి వెతకడం, అధికారులతో బేరమాడటానికి ఎవరిని పంపాలో నిర్ణయించుకోవడం వారు నేర్చుకున్నారు. కరపత్రాలు చేతితో పంచవలసి రావడం ఒక ఇబ్బంది. కానీ ఆ ఇబ్బందే మనుషుల్ని ఒకరికొకరు తెలిసేలా చేసింది. నేడు ఒక హ్యాష్‌ట్యాగ్ కొన్ని గంటల్లో అంతకు వంద రెట్ల జనాన్ని కదిలించగలదు. అది చిన్న శక్తి కాదు, దాన్ని తేలిక చేసి మాట్లాడటం సరికాదు. అయితే అలా కదిలిన జనం మధ్య ఆ పరిచయం, ఆ అలవాటు అప్పటికి ఉండవు. అప్పట్లో పెద్ద ప్రదర్శన ఏళ్ల నిర్మాణం తర్వాత వచ్చేది. ఇప్పుడు పెద్ద ప్రదర్శన ముందే వచ్చేస్తుంది, నిర్మాణం ఆ తర్వాత, జనం ఇళ్లకు వెళ్లిపోతున్న వేళ మొదలవ్వాలి.

డబ్బు విషయంలో ఈ తేడా ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది. 2020 మే చివరి రోజుల్లో, అరెస్టయి బెయిలు సొమ్ము కట్టుకోలేనివారికి బెయిలు కట్టే ఒక చిన్న సంస్థ అయిన మిన్నెసోటా ఫ్రీడమ్ ఫండ్‌కు ఇంటర్నెట్ ద్వారా కొద్ది రోజుల్లోనే మూడు కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చిపడ్డాయి. అంత సొమ్మును ఖర్చు చేసే యంత్రాంగం ఆ సంస్థకు లేకపోవడంతో, డబ్బు ఏమైందన్న నిలదీతలు వెంటనే మొదలయ్యాయి. బ్లాక్ లైవ్స్ మ్యాటర్ గ్లోబల్ నెట్‌వర్క్ ఫౌండేషన్ ఆ ఒక్క ఏడాదిలో సుమారు తొమ్మిది కోట్ల డాలర్లు సేకరించింది. నిర్ణయాల్లో తమ పాత్ర లేదని, లెక్కలు చెప్పడం లేదని దాని స్థానిక శాఖల్లో పది 2020 నవంబరులో బహిరంగ ప్రకటన చేశాయి. గిల్మోర్ తెచ్చిన సొమ్ము చాలా చిన్నది. కానీ అది ఎవరి నుంచి వచ్చిందో ఎవరికి చేరిందో ఆ సభలో కూర్చున్నవారికి తెలుసు, తమ కాసులు పడ్డ ఉద్యమాన్ని మధ్యలో వదిలి వెళ్లడం వారికి సులభం కాదు.

దృశ్యాల శక్తి విషయంలో రెండు కాలాల మధ్య పోలికా ఉంది, తేడా కూడా ఉంది. 1955 ఆగస్టు 28న మిసిసిపీలో 14 ఏళ్ల ఎమెట్ టిల్‌ను చంపినప్పుడు, అతని తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచాలని పట్టుబట్టారు. ఛిద్రమైన ఆ ముఖం ఫొటోను నల్లజాతీయుల పత్రిక జెట్ ప్రచురించింది. తమ బిడ్డల శవాలను చూపి దేశాన్ని కదిలించవలసి రావడం అన్న దుఃఖకరమైన స్థితి అప్పటి నుంచి ఇప్పటి వరకు మారలేదు. అయితే 1960ల నాటికి ఉద్యమం కెమెరా ముందు ఎక్కడ, ఎప్పుడు నిలబడాలో తానే ఎంచుకోవడం నేర్చుకుంది. 1961, 62లలో జార్జియాలోని ఆల్బనీలో పోలీసు అధిపతి లారీ ప్రిచెట్ తెలివిగా వ్యవహరించి, బహిరంగంగా ఎవరినీ కొట్టకుండా, చుట్టుపక్కల కౌంటీల జైళ్లకు పంపిస్తూ ఉద్యమాన్ని నీరుగార్చాడు. ఆ ఓటమి నుంచి నేర్చుకున్న పాఠంతోనే 1963లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌ను ఎంచుకున్నారు. అక్కడి అధికారి బుల్ కానర్ ఎలా ప్రవర్తిస్తాడో వారికి తెలుసు. ఈస్టర్ అమ్మకాల కాలంలో వ్యాపారులకు నష్టం తగిలేలా సమయం నిర్ణయించుకున్నారు. మే నెల మొదట్లో బడి పిల్లలు వందల సంఖ్యలో వీధుల్లోకి వచ్చినప్పుడు కుక్కలను, నీటి గొట్టాలను వారి మీదికి వదిలిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. పిల్లల్ని ముందు నిలపడం సరైనదేనా అన్న ప్రశ్న ఆనాడే ఉద్యమం లోపల నుంచి వచ్చింది, అది ఈనాటికీ కలవరపెట్టే ప్రశ్నే. కానీ స్థలం, సమయం, డిమాండ్, ప్రత్యర్థి అన్నీ ఉద్యమం చేతిలో ఉన్నాయి.

ఇప్పుడు కెమెరా ప్రతి ఒక్కరి జేబులో ఉంది. దానివల్ల వచ్చిన మేలు కాదనలేనిది. ఆ బాలిక తీసిన వీడియో లేకపోతే, ఫ్లాయిడ్ మరణాన్ని వైద్య సంబంధమైన ఘటనగా వర్ణిస్తూ మొదట విడుదలైన పోలీసు ప్రకటనే అధికారిక సత్యంగా మిగిలిపోయేది. ఆ అధికారికి 2021లో 22 ఏళ్ల 6 నెలల శిక్ష పడేది కాదు. కానీ ఏ ఊరిలో, ఏ రోజున, ఏ సందర్భంలో ఉద్యమం బయటికి రావాలన్నది ఇప్పుడు ఉద్యమకారుల నిర్ణయం కాదు, ఆ ఘోరం ఎక్కడ జరిగితే అక్కడ. డిమాండ్ ఏమిటో తేల్చుకోవడానికి కూడా వ్యవధి ఉండదు. పోలీసు నిధుల కోత అన్న నినాదం 2020 జూన్‌లో దేశమంతా వ్యాపించినప్పుడు, దాని అర్థం పోలీసు వ్యవస్థను రద్దు చేయడమా, కొంత డబ్బును వైద్య, సామాజిక సేవలకు మళ్లించడమా అన్నది నినాదం ఇచ్చినవారి మధ్యనే తేలలేదు. మినియాపొలిస్ కౌన్సిల్ సభ్యుల్లో మెజారిటీ తమ పోలీసు శాఖను విడదీస్తామని ఒక సభలో మాట ఇచ్చారు. 2021 నవంబరులో దాని స్థానంలో వేరే శాఖను ఏర్పాటు చేసే ప్రతిపాదన మీద ఓటింగ్ జరిగితే అదే నగరం దాన్ని తిరస్కరించింది.

అయితే ఈ వైఫల్యాన్ని ఉద్యమకారుల తప్పుగా మాత్రమే చూడటం అన్యాయం. ఇక్కడే రెండో ప్రశ్న వస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో జిమ్ క్రో అనే జాతి వేర్పాటు చట్టాల వ్యవస్థ అక్షరాలా రాసి ఉన్న అన్యాయం. ఏ సీటు ఎవరిదో, ఏ తలుపు ఎవరికో, ఏ కుళాయి నీళ్లు ఎవరు తాగాలో బోర్డుల మీద ఉండేది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వుల్‌వర్త్ దుకాణంలో తెల్లవారికే కేటాయించిన లంచ్ కౌంటర్ దగ్గర కూర్చోవడంతోనే ఆ నిబంధన ఉల్లంఘించబడింది, అంటే నిరసన చర్యా అడుగుతున్న హక్కూ ఒకటే అయ్యాయి. చూసేవారికి వివరణ అక్కరలేదు. జూలై నాటికి ఆ కౌంటర్ అందరికీ తెరుచుకుంది. పైగా రాష్ట్రాలు తప్పు చేస్తుంటే వాటి మీద ఫెడరల్ ప్రభుత్వాన్ని, సుప్రీంకోర్టును ప్రయోగించే దారి ఉండేది. మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లజాతీయులు 1965 చట్టానికి ముందు 6.7 శాతం; 1967 నాటికి 59.8 శాతం. ఒకే ఒక్క ఫెడరల్ చట్టం రెండేళ్లలో తెచ్చిన మార్పు అది.

నేటి ఉద్యమం ఎదిరిస్తున్నది బోర్డు మీద కనిపించదు. అమెరికాలో సుమారు 18,000 పోలీసు సంస్థలున్నాయి. ఎక్కువ భాగం నగరాలు, కౌంటీల ఆధీనంలోనివి. ఒక అధికారి ఎవరిని ఆపాలి, ఎప్పుడు తుపాకీ తీయాలి అన్న విచక్షణలో, పోలీసు సంఘాలతో కుదిరిన ఒప్పందాల్లో, క్రమశిక్షణ రికార్డులను దాచే నిబంధనల్లో, కోర్టులు అల్లిన రక్షణ సూత్రాల్లో వివక్ష ఇమిడి ఉంటుంది. వీటిలో ముఖ్యమైనది పోలీసులకు సివిల్ దావాల నుంచి లభించే పరిమిత రక్షణ సూత్రం. దాని పుట్టుక గురించి తక్కువ మందికి తెలుసు. 1961లో ఫ్రీడమ్ రైడ్స్ స్ఫూర్తితో మిసిసిపీలోని జాక్సన్ బస్ స్టేషన్‌లో వేర్పాటును ధిక్కరించిన కొందరు ఎపిస్కోపల్ మతగురువులను అరెస్టు చేశారు. వారు పోలీసుల మీద వేసిన దావా పియర్సన్ వర్సెస్ రే కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. చట్టం చెల్లుబాటవుతుందని సద్భావనతో నమ్మి అరెస్టు చేసిన పోలీసులు నష్టపరిహారం చెల్లించనక్కరలేదన్న వాదనకు 1967లో కోర్టు చోటిచ్చింది. ఆ విత్తనం నుంచి పెరిగిన సూత్రాన్నే ఇప్పటి ఉద్యమం తొలగించమంటోంది. నిన్నటి పోరాటం నేటి పోరాటానికి స్ఫూర్తిని మాత్రమే కాదు, తాను తెంచలేకపోయిన సంకెళ్లను కూడా అప్పగించి వెళ్లింది.

పద్దెనిమిది వేల చోట్ల ఉన్న సమస్యకు విజయం కూడా ముక్కలుగానే వస్తుంది. 2020 జూన్‌లో కొలరాడో రాష్ట్రం, తన చట్టం కింద వేసే దావాల్లో పోలీసులు ఆ రక్షణను వాడుకోకుండా చేసింది. న్యూయార్క్ రాష్ట్రం పోలీసుల క్రమశిక్షణ రికార్డులను రహస్యంగా ఉంచిన పాత నిబంధనను రద్దు చేసింది. బ్రియానా టేలర్ అనే నల్లజాతి మహిళను ఆమె ఇంట్లోనే పోలీసులు కాల్చి చంపిన లూయీవిల్ నగరం, ముందస్తు హెచ్చరిక లేకుండా ఇళ్లలోకి చొరబడే వారెంట్లను నిషేధించింది. వీటిలో ఏ ఒక్కటీ 1964 చట్టంలా చరిత్ర పుస్తకంలో ఒక పుట ఆక్రమించేది కాదు కనుక, ఉద్యమం ఏమీ సాధించలేదన్న మాట తేలికగా చలామణీ అవుతోంది.

కింగ్ కాలపు ఉద్యమం ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఇదే గోడకు కొట్టుకుంది. ఓటు హక్కు చట్టం మీద సంతకం జరిగిన ఐదు రోజులకే, 1965 ఆగస్టు 11న, లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్‌లో ఒక ట్రాఫిక్ అరెస్టుతో మొదలైన అల్లర్లలో 34 మంది చనిపోయారు. 1966లో కింగ్ షికాగోలోని ఒక పేదల పేటలో అద్దె ఇంట్లో కాపురం పెట్టి, ఇళ్లు ఇవ్వడంలో చూపే జాతి వివక్ష మీద పోరాడారు. మార్క్వెట్ పార్క్ ప్రదర్శనలో ఆయనకు రాయి తగిలింది, ఒప్పందం మాత్రం కాగితం మీదే మిగిలింది. నగరాల్లో అల్లర్ల కారణాలను పరిశీలించిన కర్నర్ కమిషన్ 1968 నివేదికలో నల్లజాతీయుల తీవ్రమైన ఫిర్యాదుల్లో పోలీసుల తీరు మొదటి వరుసలో ఉంది. గృహవసతి వివక్షను నిషేధించే చట్టం అదే ఏడాది ఏప్రిల్ 11న, కింగ్ హత్య జరిగిన వారానికి, నగరాలు తగలబడుతుండగా గాని రాలేదు. అంటే నేటి ఉద్యమం మొదలైంది నిన్నటి ఉద్యమం గెలిచిన చోట కాదు, ఆగిపోయిన చోట. ఈ రెండింటి ఫలితాలను పక్కపక్కన పెట్టేటప్పుడు సాధారణంగా మరుగున పడేది ఇదే.

నాయకత్వం సంగతి కూడా చెప్పుకునేంత సరళంగా లేదు. ఇప్పటి ఉద్యమానికి నాయకులు లేకపోవడం పొరపాటున జరిగినది కాదు. ఒకే వ్యక్తి చుట్టూ తిరిగే ఉద్యమం ప్రమాదమని అప్పట్లోనే పౌర హక్కుల కార్యకర్త ఎల్లా బేకర్ వాదించారు. 1960 ఏప్రిల్‌లో బైఠాయింపుల విద్యార్థులను రాలీలోని షా విశ్వవిద్యాలయంలో సమావేశపరిచి, పెద్దల సంస్థల్లో కలిసిపోకుండా తమ సొంత సంస్థను నిర్మించుకొమ్మని ప్రోత్సహించినది ఆమే. స్నిక్ అనే విద్యార్థుల సంస్థ అలా పుట్టింది. వాషింగ్టన్ ప్రదర్శనను రెండు నెలల్లోపు నిర్మించిన బయార్డ్ రస్టిన్‌ను, ఆయన స్వలింగ సంపర్కుడన్న కారణంగా అధికారికంగా రెండో స్థానంలోనే ఉంచారు. అదే వేదిక మీద ఏ మహిళకూ ప్రధాన ప్రసంగం దక్కలేదు. 2013లో బ్లాక్ లైవ్స్ మ్యాటర్‌ను ప్రారంభించిన అలీసియా గార్జా, పాట్రిస్ కల్లర్స్, ఓపల్ టోమెటీ ముగ్గురూ మహిళలు. ఆ పాత అన్యాయాన్ని మళ్లీ జరగనివ్వకూడదన్న పట్టుదల వారి నిర్మాణంలోనే ఉంది. మరో కారణం భయంకరమైనది. 1963లో మెడ్గర్ ఎవర్స్, 1965లో మాల్కం ఎక్స్, 1968లో కింగ్, 1969లో 21 ఏళ్ల ఫ్రెడ్ హ్యాంప్టన్, ఇలా నల్లజాతి నాయకులు ఒకరి తర్వాత ఒకరు హతులయ్యారు. కింగ్ ఫోన్లను ఎఫ్‌బీఐ ఏళ్ల తరబడి విన్నది. కనిపించే నాయకుడు ఉంటే ఏమి జరుగుతుందో ఆ తరం చూసింది. అయినా దీనికి చెల్లించే మూల్యం ఉంది. 1963 ఆగస్టు 28 సాయంత్రం శ్వేతసౌధంలోకి వెళ్లి అధ్యక్షుడితో కూర్చుని మాట్లాడటానికి పదిమంది ఉన్నారు, వారు ఒప్పుకుంటే తమ సంస్థలను ఒప్పించగలరు. 2020లో ప్రభుత్వం మాట్లాడదలచుకున్నా ఎవరితో మాట్లాడాలో, కుదిరిన ఒప్పందానికి ఎవరు పూచీపడతారో తెలియని స్థితి.

శిక్షణ గురించి కూడా ఇదే చెప్పవచ్చు. కొరియా యుద్ధంలో చేరడానికి నిరాకరించి జైలుకు వెళ్లిన జేమ్స్ లాసన్, ఆ తర్వాత నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ సత్యాగ్రహ పద్ధతిని అధ్యయనం చేశారు. మాంట్‌గోమరీ బహిష్కరణ వార్తను ఆయన చదివింది నాగపూర్‌లోనే. అమెరికాకు తిరిగివెళ్లాక 1959 నుంచి నాష్‌విల్‌లో డయాన్ నాష్, జాన్ లూయిస్ వంటి విద్యార్థులకు నెలల తరబడి శిక్షణ ఇచ్చారు. తిట్టే మూకగా కొందరు, కూర్చున్నవారిగా కొందరు నటిస్తూ, దెబ్బ పడినప్పుడు తలను ఎలా కాపాడుకోవాలో, పక్కవాడిని కొడుతుంటే చేయి ఎత్తకుండా ఎలా అడ్డు నిలబడాలో అభ్యాసం చేసేవారు. అలాగని ఆ ఉద్యమమంతా అహింసామయం అనుకోవడం కూడా పొరపాటే. లూసియానాలో ఉద్యమకారులకు తుపాకులతో కాపలా కాసిన డీకన్స్ ఫర్ డిఫెన్స్ వంటి బృందాలున్నాయి. 2020 వేసవిలో ఈ ఉద్యమానికి సంబంధించిన ప్రదర్శనల్లో 93 శాతానికి పైగా ఎలాంటి హింసా విధ్వంసం లేకుండా జరిగాయని, ఇలాంటి ఘర్షణల వివరాలు నమోదు చేసే ఏక్లెడ్ సంస్థ లెక్కగట్టింది. కానీ తెరల మీద ఎక్కువసేపు కనిపించింది మినియాపొలిస్‌లో తగలబడిన పోలీస్ స్టేషన్. సభ్యత్వం, శిక్షణ ఉన్న చోట ఈ పని మాది కాదని చెప్పే అధికారం సంస్థకు ఉంటుంది. ఎవరైనా చేరగలిగే ఉద్యమానికి ఆ మాట చెప్పే నోరు ఉండదు.

నిఘా మాత్రం రెండు కాలాల్లోనూ ఉంది, దాని ఖర్చే తగ్గింది. 1956లో అలబామా ప్రభుత్వం ఎన్‌ఏఏసీపీ సభ్యుల జాబితా ఇవ్వమని పట్టుబట్టింది. పేర్లు బయటపడితే ఉద్యోగాలు, ప్రాణాలు పోతాయని సంస్థ నిరాకరించింది, 1958లో సుప్రీంకోర్టు సంస్థ పక్షాన నిలిచింది. ఇప్పుడు ప్రదర్శనకు వచ్చిన ప్రతి ఫోన్, అప్పట్లో ఒక రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కి కూడా సంపాదించలేకపోయిన ఆ జాబితాను తానే రాసిపెడుతోంది.

రెండు కాలాలూ ఒకదాన్నొకటి తాకే చోటు ఒకటి ఉంది. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో 1965 ఓటు హక్కు చట్టానికి ఆయువుపట్టు వంటి నిబంధనను పనిచేయకుండా చేసింది. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నియమాలు మార్చే ముందు ఫెడరల్ అనుమతి తీసుకోవాలన్న షరతు అలా చెల్లకుండా పోయింది. దానికి సరిగ్గా 18 రోజుల తర్వాత, జూలై 13న, ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి బాలుడిని కాల్చి చంపిన వ్యక్తి నిర్దోషిగా విడుదలయ్యాడు. బ్లాక్ లైవ్స్ మ్యాటర్ అన్న మూడు మాటలు అప్పుడే పుట్టాయి. పాత విజయం కూలడం, కొత్త ఉద్యమం మొదలవడం మూడు వారాల లోపు జరిగిపోయాయి. వీధిలో పుట్టిన శక్తి ఓటు దాకా చేరడానికి ఎంత కాలం, ఎంత ఓపిక కావాలో జార్జియాలో చూడవచ్చు. అక్కడ ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి ఓటర్లను నమోదు చేసిన స్థానిక సంఘాల కృషి ఫలితంగా, ఒకప్పుడు కింగ్ పాస్టర్‌గా ఉన్న ఎబెనీజర్ చర్చి పాస్టర్ రాఫెల్ వార్నాక్ 2021 జనవరి 5న సెనేట్‌కు ఎన్నికయ్యారు. అది హ్యాష్‌ట్యాగ్ చేసిన పని కాదు, రాబిన్సన్ కరపత్రాల పద్ధతికి దగ్గరి పని.

నాష్‌విల్‌లో లాసన్ దగ్గర శిక్షణ పొంది, 1965 మార్చి 7న ఓటు హక్కు ప్రదర్శనలో అలబామాలోని సెల్మా వంతెన మీద పోలీసు లాఠీ దెబ్బకు తల పగిలిన జాన్ లూయిస్, 2020 జూన్ 7న శ్వేతసౌధానికి దగ్గరి వీధిలో పసుపు రంగుతో రాసిన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ అక్షరాల మీద వచ్చి నిలబడ్డారు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు, క్యాన్సర్ ముదిరిపోయింది. మరుసటి నెల 17న మరణించారు. షెల్బీ తీర్పు కొట్టేసిన రక్షణను తిరిగి తేవడానికి ఆయన పేరుతో రూపొందిన బిల్లు 2021 ఆగస్టులో ప్రతినిధుల సభలో నెగ్గి, 2022 జనవరిలో సెనేట్‌లో ఆగిపోయింది. వీధి మీది ఆ పసుపు అక్షరాలను 2025 మార్చిలో తవ్వి తీసేశారు.